దేవుడు వినలేదంటే ఏమిటి?

సండే స్కూలుకి వెళ్ళినవాళ్ళకి ఈ పాఠం గుర్తుండే ఉంటుంది. టీచరమ్మ బోర్డు మీద ట్రాఫిక్ సిగ్నల్ బొమ్మ గీస్తారు. పచ్చ లైటు వెలిగితే దేవుడు అడిగింది ఇచ్చినట్టు, ఎర్ర లైటు అయితే వద్దన్నట్టు, పసుపు లైటు అయితే ఇంకొంచెం ఆగమన్నట్టు. కాబట్టి జవాబు రాని ప్రార్థనంటూ ఉండదు. పదేళ్ళ పిల్లలకి ఇది చక్కగా అర్థమవుతుంది. ముప్పై దాటి, ఆస్పత్రి వరండాల్లో కొన్ని రాత్రులు గడిపాక ఇందులో ఉన్న తిరకాసు కూడా అర్థమవుతుంది. ఏం జరిగినా అది జవాబే అయితే, జవాబు అన్న మాటకి మిగిలిన అర్థం ఏమిటి? ఆ లెక్కన వీధి చివర కరెంటు స్తంభానికి మొక్కుకున్నా ఈ మూడు జవాబుల్లో ఏదో ఒకటి వచ్చి తీరుతుంది.

ఈ మాట నాస్తికుడిగా అనడం లేదు. మాది గుంటూరు. 1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి వచ్చి గుంటూరులో పని మొదలుపెట్టాడు. ఆ మిషన్ నాటిన సంఘాల్లో ఒకదాంట్లో మా ముత్తాత చేరాడు. నాలుగు తరాలుగా మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థన, పడుకోబోయే ముందు ప్రార్థన. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను, చాలా ఆదివారాలు చర్చికి వెళ్తాను. పుస్తకాల గురించి, సినిమాల గురించి నాతో గంటలు గంటలు మాట్లాడే మిత్రులు ఈ సంగతి తెలిసి కాస్త తడబడతారు. "ఇంత చదివావు, మీ అక్క విషయంలో అంత జరిగింది, ఇంకా ఎట్లా నమ్ముతావు?" అని ఒకరిద్దరు నేరుగానే అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ట్రాఫిక్ సిగ్నల్ చూపించి తప్పించుకోలేనిది.

మా అక్కకి 29వ ఏట రక్త కాన్సర్ అని తేలింది. పదకొండు నెలలు వైద్యం జరిగింది. ఆ పదకొండు నెలల్లో మావాళ్ళు చేసినంత ప్రార్థన నేనెప్పుడూ చూడలేదు. శుక్రవారాలు ఉపవాస ప్రార్థన. నెలకోసారి ఇరవై నాలుగు గంటల చైన్ ప్రార్థన, గంటకొకరు చొప్పున పేర్లు రాసుకుని. రాత్రి రెండింటి నుంచి మూడింటి దాకా గంట ఎవరూ తీసుకోకపోతే, డెబ్భై దాటిన ఒక పెద్దాయన అడిగి మరీ తీసుకునేవాడు. ఇది ప్రేమ. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నావల్ల కాదు.

బావ రోజూ వాట్సాప్ గ్రూపులో ప్లేట్‌లెట్ల లెక్క పెట్టేవాడు. 9 వేల నుంచి 30 వేలకి పెరిగిన రోజు గ్రూపంతా స్తోత్రాలే. మళ్ళీ 10 వేలకి పడిపోతే, "ఇంకా భారంతో ప్రార్థించాలి" అని మెసేజ్ వచ్చేది. పెరిగితే దేవుడి ఖాతాలో, తగ్గితే మన ఖాతాలో. నేను ఆస్పత్రిలోనే ఉండేవాణ్ణి కాబట్టి ఆ లెక్క ఎలా పెరిగేదో చూశాను. ప్లేట్‌లెట్లు ఎక్కించాక పెరిగేది, మూడు నాలుగు రోజుల్లో మళ్ళీ పడిపోయేది. వాటినివ్వడానికి ఒక మనిషి చేతికి సూది పెట్టించుకుని మెషీన్ పక్కన గంటన్నరో రెండు గంటలో పడుకోవాలి. ముక్కూమొహం తెలియని కాలేజీ కుర్రాళ్ళు వచ్చి ఇచ్చి వెళ్ళారు. రంజాన్ నెలలో ఒకతను ఇఫ్తార్ అయ్యాక రాత్రి వచ్చాడు. ఇచ్చాక జ్యూస్ తాగి, అక్క పేరు కూడా అడగకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి గ్రూపులో వచ్చిన స్తోత్రాల్లో అతని ప్రస్తావన లేదు.

మధ్యలో ఎవరో ఒక స్వస్థత ప్రసంగీకుడిని ఇంటికి తీసుకొచ్చారు. ఆయన అక్క నుదుటికి నూనె రాసి ప్రార్థన చేసి, స్వస్థత వచ్చేసింది, ఇంక మందులు వాడితే అవిశ్వాసమవుతుంది అన్నాడు. అమ్మ గొంతు పెంచలేదు. "ప్రార్థన మీరు చెయ్యండి అయ్యగారూ. మందులు మేం వేసుకుంటాం" అంది. మా అమ్మ వేదాంత కళాశాలకి వెళ్ళలేదు. కానీ ప్రార్థనకీ మందుకీ మధ్య పోటీ పెట్టేవాడిని గుమ్మం దాకా సాగనంపడం ఆమెకి తెలుసు. అందరు అమ్మలకీ ఆ ధైర్యం ఉండకపోవచ్చు. షుగరు మాత్రలు, ఫిట్స్ మాత్రలు ఇలాంటి మాట విని ఆపేసిన ఇళ్ళు మనకి తెలియనివి కావు. జవాబు రాని ప్రార్థన గురించి నిజం మాట్లాడకపోతే ఖర్చయ్యేది సిద్ధాంతం కాదు, ప్రాణాలు.

అక్క చనిపోయింది.

ఆ తర్వాత వివరణలు మొదలయ్యాయి. ఎవరికో విశ్వాసం చాల్లేదేమో. ఇంట్లో ఎవరిదైనా ఒప్పుకోని పాపం ఉందేమో. ప్రభువు చిత్తం. అన్నిటికంటే నన్ను భయపెట్టింది పువ్వు మాట: దేవుడు తన తోట కోసం అందమైన పువ్వునే కోసుకుంటాడట. అక్కకి అప్పటికి ఐదేళ్ళ కూతురుంది. ఆ పిల్ల ఈ మాట వింటే ఏమనుకుంటుంది? తన తల్లిని తీసుకెళ్ళినవాడి ఇంటికి ప్రతి ఆదివారం తనని ఎందుకు తీసుకెళ్తున్నారనుకుంటుంది?

మా చర్చిలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమ జీవితంలో చేసిన మేలు గురించి ఎవరైనా లేచి మైకులో చెప్పొచ్చు. వీసా వచ్చింది. గడ్డ కరిగిపోయింది. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. చెప్పేవాళ్ళు నిజమే చెబుతారు, వాళ్ళ కృతజ్ఞతా నిజమే. కానీ మూడేళ్ళుగా అడుగుతున్నాను, ఉద్యోగం రాలేదు అని ఎవరూ లేవరు. లేవకూడదనే నియమం ఏమీ లేదు. అయినా లేవరు. అలా ఏళ్ళ తరబడి ఒక పక్కే వినపడుతుంది.

ఇది మనకి మాత్రమే ఉన్న జబ్బు కాదు. సిసెరో ఒక పాత కథ చెప్పాడు. డయాగరస్ అనే గ్రీకు నాస్తికుడికి ఒక మిత్రుడు గుడిలో పటాలు చూపించాడు. తుఫానులో చిక్కుకుని, దేవుళ్ళకి మొక్కుకుని, ప్రాణాలతో బయటపడినవాళ్ళు పెట్టించిన పటాలవి. డయాగరస్ అడిగాడట, మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ళ పటాలేవీ అని. 1620లో ఫ్రాన్సిస్ బేకన్, మనిషి బుద్ధి తనకి నచ్చిన రుజువుల్నే ఎలా ఏరుకుంటుందో చెప్పడానికి ఈ కథనే వాడుకున్నాడు. సాక్ష్యాల సమయం వచ్చినప్పుడల్లా నాకిప్పుడు ఆ లేని పటాలు గుర్తొస్తాయి.

లెక్కలు తీసినవాళ్ళు కూడా ఉన్నారు. 1872లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక ప్రశ్న వేశాడు. రాజు చల్లగా ఉండాలని దేశమంతా ప్రతి ఆదివారం ప్రార్థిస్తారు కదా, మరి రాజులు ఎక్కువ కాలం బతుకుతున్నారా? చూస్తే, సంపన్న వర్గాలన్నిటిలో తక్కువ ఆయుర్దాయం వాళ్ళదే. 2006లో అమెరికాలో మరింత పద్ధతిగా చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఆరు ఆస్పత్రుల్లో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులుగా విడదీశారు. తమ కోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియనివాళ్ళలో, ప్రార్థన అందినవాళ్ళకి 52 శాతం, అందనివాళ్ళకి 51 శాతం సమస్యలొచ్చాయి. తేడా లేనట్టే. మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నాం అని ముందే చెప్పిన గుంపులో 59 శాతం. ప్రార్థనకి మనుషుల్ని పిలిపించేంతగా నా పరిస్థితి దిగజారిందా అన్న కంగారు వల్ల అయ్యుండొచ్చని కొందరు ఊహించారు.

దేవుణ్ణి ఇలా పరీక్షకి పెట్టకూడదని విశ్వాసులు అంటారు. పైగా ఆ రెండో గుంపులో వాళ్ళకి మాత్రం ఇంట్లో ప్రార్థించే అమ్మలు లేరా అంటారు. రెండూ సరైన మాటలే. నేను ఒప్పుకుంటాను. అయితే ఆ ఒప్పుకోలుకి ఒక ధర ఉంది. దేవుడి పని లెక్కకి అందదంటే ప్లేట్‌లెట్లు పెరిగిన రోజు కూడా అందదు. గెలిచిన మ్యాచులు మాత్రమే లెక్కలోకి వస్తాయి, ఓడినవి రావు అనే జట్టుతో ఎవరూ ఆడరు. ప్రార్థన ఫలితాన్ని రుజువుగా చూపించడం మానేస్తేనే, ఫలితం రానప్పుడు కూడా ప్రార్థించే హక్కు మనకి ఉంటుంది.

అక్క కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఈమధ్య ఒక రోజు హోంవర్కు చేసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది: "అమ్మ కోసం అంతమంది ప్రార్థన చేశారు కదా మామయ్యా, మరి దేవుడు వినలేదా?"

వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. కానీ ఆ 'వినలేదా' అన్న మాట చాలా రోజులు నా వెంట తిరిగింది. మన భాషలో వినడానికి రెండు అర్థాలున్నాయి. 'పాట విన్నాను' అంటే చెవిన పడిందని. 'మావాడు నా మాట వినడు' అంటే వాడికి చెవుడని కాదు, చెప్పినట్టు చెయ్యడని. పాత నిబంధన రాసిన హీబ్రూలోనూ అంతే, 'షమా' అనే క్రియకి వినడం, లోబడటం రెండూ అర్థాలే. అందుకే అడిగింది ఇస్తే దేవుడు నా ప్రార్థన విన్నాడంటాం, ఇవ్వకపోతే వినలేదంటాం. చెప్పినట్టు చేస్తేనే విన్నట్టు. ఆలోచిస్తే, చెప్పినట్టు చేసి తీరాల్సిన మాటని ప్రార్థన అనరు, ఆజ్ఞ అంటారు.

అక్క చివరి రెండు నెలల్లో నాతో ఒక మాట అంది. "రేయ్, ఇవాళ వచ్చేవాళ్ళని ప్రార్థన చెయ్యొద్దనరా. కాసేపు కూర్చోమను." వచ్చినవాళ్ళందరూ మంచం చుట్టూ నిలబడి, కళ్ళు మూసుకుని, గొంతెత్తి ప్రార్థించేవాళ్ళు. కళ్ళు తెరిచేసరికి వెళ్ళే టైమయ్యేది. అక్క ఎలా ఉందో చూడటానికి వచ్చినవాళ్ళు అక్కని చూసిన సమయం చాలా తక్కువ. మా వీధి చివర ఉండే ఒక పెద్దమ్మ మాత్రం వేరు. హైదరాబాద్‌లో కొడుకు ఇంటికొచ్చినప్పుడల్లా రెండు బస్సులు మారి ఆస్పత్రికి వచ్చేది. కాళ్ళు పట్టేది. అక్క మాట్లాడితే వినేది. కూతురి స్కూలు గురించి, ఊడిపోయిన జుట్టు గురించి, చచ్చిపోతానేమోనన్న భయం గురించి. "అట్టా అనకూడదమ్మా" అని ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. ఆవిడ వస్తే నొప్పి తగ్గేదని చెప్పను. తగ్గేది కాదు. కానీ ఆవిడ వచ్చే రోజు కోసం అక్క ఎదురుచూసేది.

అంటే ఏమీ మార్చలేని వినడానికి కూడా ఒక విలువ ఉంది. అది చిన్న విలువేం కాదు. నేనక్కడ నా కళ్ళతో చూశాను.

దీని మీద వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. పెద్దమ్మకి జబ్బు నయం చెయ్యడం చేతకాదు. దేవుడికి చేతనవుతుందంటున్నారుగా? చేతనైన డాక్టరు పక్కన కూర్చుని విని ఊరుకుంటే వాణ్ణి మంచివాడంటామా? అనం. ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. స్వేచ్ఛా సంకల్పమనీ, మనకి కనపడని పెద్ద ప్రణాళికనీ, బాధ మనిషిని పదును పెడుతుందనీ పుస్తకాల్లో చదివిన జవాబులున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ పిల్ల మొహం చూసి చెప్పగలిగేది కాదు. ఒక తల్లి చావుని, తేరుకోవలసిన పాఠంగా ఆమె కూతురికి ఇవ్వడం నాకు పాపంగా అనిపిస్తుంది.

బైబిల్లో ఈ పని చేసినవాళ్ళ కథ ఒకటుంది. యోబు పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. స్నేహితులు వచ్చారు. ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. అదే వాళ్ళు చేసిన మంచి పని. తర్వాత నోరు విప్పారు. దేవుడు న్యాయవంతుడు కాబట్టి తప్పు నీదే అయ్యుండాలని అధ్యాయాలకి అధ్యాయాలు వాదించారు. యోబు ఒప్పుకోలేదు. దేవుడినే బోనెక్కించేంత దాకా వెళ్ళాడు. చివరికి, 42వ అధ్యాయంలో, దేవుడు మందలించింది ఎవర్ని? తనని వెనకేసుకొచ్చిన స్నేహితుల్ని. తన గురించి సరిగ్గా మాట్లాడింది యోబేనని తీర్పు చెప్పాడు. తన తరఫు వకీళ్ళని తనే కొట్టిపారేసిన దేవుడు! మా సంఘంలో యోబు ఓర్పు గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. యోబు కోపం గురించి ఒక్కటి కూడా వినలేదు.

కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు విలాపాలే. వాటిలో చాలావరకు చివర్లో స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన తిరగదు. చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని తీసెయ్యాలని, చివర ఒక ఆశాజనకమైన వాక్యం కలపాలని ఎవరికైనా అనిపించి ఉండొచ్చు. తియ్యలేదు, కలపలేదు. పౌలు తన ఒంట్లో ఉన్న ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నానని తనే రాసుకున్నాడు. ముల్లు పోలేదు. ఇవన్నీ సాక్ష్యాల సమయంలో చెప్పని సాక్ష్యాలు. మునిగిపోయినవాళ్ళ పటాల్ని కూడా గోడకి తగిలించిన పుస్తకం ఇది.

అన్నిటికంటే ముఖ్యం గెత్సేమనే తోట. ఆ రాత్రి యేసు అడిగింది జరగలేదు. ఆ గిన్నె తన దగ్గర్నుంచి తొలగలేదు. తెల్లారాక ఏం జరిగిందో మనకి తెలుసు. హెబ్రీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం ఆయన కన్నీళ్ళతో, పెద్ద కేకలతో చేసిన ప్రార్థన గురించి చెబుతూ, అది ఆలకించబడిందనే అంటుంది. సిలువ తప్పలేదు, అయినా ప్రార్థన ఆలకించబడింది. వినడం, ఇవ్వడం వేరువేరు అని అంత ముక్కుసూటిగా చెప్పిన చోటు నాకు మరొకటి కనపడలేదు. మూడో రోజు తిరిగి లేచాడు కదా అంటారు. నేనూ నమ్ముతాను. కానీ ఆయన తోటలో అడిగింది మూడో రోజు గురించి కాదు, ఆ రాత్రి గురించి. పునరుత్థానం తెలుసు కదా అని శుక్రవారాన్ని చిన్నది చెయ్యకూడదు.

ఆ రాత్రి ఆయన తన స్నేహితుల్ని అడిగింది కూడా గుర్తు చేసుకోవాలి. వివరణ అడగలేదు. తనతో పాటు మెలకువగా ఉండమన్నాడు. కాసేపు కూర్చోమను, అని మా అక్క అడిగినట్టే. వాళ్ళు నిద్రపోయారు.

దేవుణ్ణి నిలదీయడం తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో కూర్చుని రాముడికి చేయించిన నగల ఖర్చు ఏకరువు పెట్టి మరీ దెప్పిపొడిచాడు. ఆ తిట్లని మనం భక్తి అనే పిలుచుకున్నాం, ఇప్పటికీ పాడుకుంటున్నాం. మా ప్రాంతం వాడే, వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా 1941లో గబ్బిలం రాశాడు. గుడిలో అడుగుపెట్టనివ్వని మనిషి, గుడి లోపలికి వెళ్ళగలిగే గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి మొర పంపుకుంటాడు. తనని లోపలికి రానివ్వని గుడిలో ఉన్న దేవుడికి! ఆ మొరలో ఆకలి ఉంది, ఎత్తిపొడుపు ఉంది, లోకం మీద ఫిర్యాదు ఉంది. అయినా అది మొరే. మొర అన్న మాటలోనే అవతల ఒకరున్నారన్న పట్టుదల ఉంటుంది. గోడతో ఎవరూ మొరపెట్టుకోరు. అలిగేది కూడా అయినవాళ్ళ మీదే.

అక్క పోయిన నాలుగు నెలలకి అమ్మ ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచింది. నేను పక్కనే ఉన్నాను, ఏం చెబుతుందో నాకు తెలియదు. "మా పెద్దమ్మాయి కోసం మీరందరూ ప్రార్థన చేశారు. తను బతకలేదు. నాకు దేవుడి మీద కోపంగా ఉంది. ఆ సంగతి రోజూ ఆయనకే చెప్పుకుంటున్నా. మీక్కూడా చెబుదామనిపించింది. వందనాలు" అని కూర్చుంది. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు కాసేపు ఏం మాట్లాడలేదు. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. ఒకావిడ ఇరవై ఏళ్ళ కిందట పుట్టి చనిపోయిన బిడ్డ గురించి చెప్పింది. ఒకావిడ తాగుడు మానని కొడుకు గురించి. మూడో ఆవిడ ఏమీ చెప్పలేదు, ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే పాటలు పాడి, ఈ మాటలు ఒకరికొకరు చెప్పుకోలేదు. చెప్పుకునే చోటు ఉందని వాళ్ళకి అనిపించలేదు.

మదర్ తెరెసా 1997లో చనిపోయింది. పదేళ్ళ తర్వాత, 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దాదాపు యాభై ఏళ్ళ పాటు ఆమెకి దేవుడి సన్నిధి అనుభవంలో లేదని లోకానికి తెలిసింది. అంటే అంతకాలం నటించిందా అని కొందరు అడిగారు. నాకలా అనిపించలేదు. తెలుగులో 'నమ్మడం' ఒక మాట, 'నమ్మకంగా ఉండటం' ఇంకో మాట. మొదటిది మనసులో కలిగేది, కొన్నాళ్ళు ఉంటుంది, కొన్నాళ్ళు ఉండదు. రెండోది మనం చేసేది. ఇచ్చిన మాట మీద నిలబడటం లాంటిది. మొదటిది ఎండిపోయినప్పుడు కూడా రెండోది బతకగలదని ఆ ఉత్తరాలు చెబుతాయి. అలా బతకడం అందరికీ సాధ్యమని గానీ, అదే గొప్పని గానీ అనను.

ఎందుకంటే మా బాబాయి కొడుకు అక్కతో పాటే చర్చిని కూడా సమాధుల తోటలో వదిలేశాడు. "వినేవాడు ఉన్నాడని నటించలేను రా" అన్నాడు. వాడి నిజాయితీని నేను గౌరవిస్తాను. వాడిప్పుడు ప్లేట్‌లెట్ దాతల లిస్టులో పేరు రాయించుకుని, ఫోనొస్తే అర్ధరాత్రయినా బండేసుకుని వెళ్తాడు. మా ఇద్దరిలో ఎవరు దేవుడికి దగ్గరగా ఉన్నారో చెప్పే ధైర్యం నాకు లేదు.

మరి నేనెందుకు ఉండిపోయాను? కొంత అలవాటు. కొంత అమ్మ. వాటి కింద ఇంకొకటి ఉంది. అక్క చావు జరగకూడనిది అని నాకు గట్టిగా అనిపిస్తుంది. కణాల్లో ఏదో పొరపాటు జరిగింది, అంతే అని సరిపెట్టుకుని హుందాగా బతికేవాళ్ళు నాకు తెలుసు. నాకది సరిపోవడం లేదు. ఇది అన్యాయం అని ఎవరితోనో చెప్పాలి. మా డాక్టరుగారితో చెప్పలేను, ఆవిడ చెయ్యగలిగిందంతా చేసింది. ఆ ఫిర్యాదు తీసుకెళ్ళడానికి నాకున్న గుమ్మం ఒక్కటే. అవసరం ఉన్నంత మాత్రాన అవతల ఎవరో ఉన్నారని రుజువు కాదని నాకు తెలుసు. ఆకలి వేసినంత మాత్రాన వంటింట్లో అన్నం ఉన్నట్టు కాదు. నేను రుజువు చూపించడం లేదు, ఎక్కడ నిలబడ్డానో చెబుతున్నాను. సిలువ మీద తనూ వదిలివేయబడ్డానని అరిచిన దేవుడైతేనే నాకు ఆ గుమ్మం ముందు నిలబడటం సాధ్యమవుతోంది. ఏనాడూ ఏదీ పోగొట్టుకోని దేవుడైతే నేనూ మా బాబాయి కొడుకుతో వెళ్ళిపోయేవాణ్ణి.

ఇప్పటికీ అడుగుతాను. పిల్లకి జ్వరం వస్తే ఒక చేత్తో థర్మామీటరు పట్టుకుని, లోపల అడుగుతూనే ఉంటాను. జ్వరం తగ్గితే థాంక్స్ చెబుతాను, దాన్ని ఎవరికీ రుజువుగా చూపించను. ఎవరింట్లోనైనా కష్టమొస్తే వివరణ పట్టుకెళ్ళను. కారియర్లో అన్నం పట్టుకెళ్తాను, లేదంటే ఆ రాత్రి ఆస్పత్రిలో పడుకుంటానంటాను. ప్రార్థన చెయ్యమంటే చేస్తాను, కళ్ళు తెరిచే.

పిల్ల ప్రశ్నకి కొన్ని రోజుల తర్వాత నాకు చేతనైన జవాబు చెప్పాను. "విన్నాడనే నేను నమ్ముతున్నాను. మరి ఎందుకివ్వలేదో నాకు తెలీదు. తెలుసని ఎవరైనా చెప్తే నమ్మకు. నీకు కోపమొస్తే ఆయన్నే అడుగు."

"గట్టిగా అడగొచ్చా?"

"అడగొచ్చు. నాయనమ్మనే కాదు, మీ అమ్మమ్మని కూడా అడుగు, తను రోజూ అడుగుతుంది."

ఆ రాత్రి తను గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల్నుంచి మాటలు వినపడుతున్నాయి, కాస్త గట్టిగానే. నేను టీవీ సౌండు పెంచాను. అవి నాతో చెప్పుకుంటున్న మాటలు కావు.